కార్న్‌బర్గ్ కనుగొన్న ఎంజైమ్ జన్యువులను నకలు చేసే ప్రధాన ఎంజైమ్ కాదని తేలింది కదా, మరి ఆయన కృషిని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: ఎం.ఎస్సీ. విద్యార్థిని, వరంగల్

అందరికీ నమస్కారం. నేను జీవరసాయన శాస్త్రంలో ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. డీఎన్‌ఏ ప్రతికృతి (నకలు తయారవడం) పాఠం చదువుతున్నప్పుడు అమెరికా జీవరసాయనుడు ఆర్థర్ కార్న్‌బర్గ్ మీద ఆసక్తి కలిగి, ఆయన గురించి దొరికినంత వరకు చదివాను. అయితే ఒక విషయం దగ్గర ఆగిపోయాను.

ఆయన ఈ.కోలై బ్యాక్టీరియా నుంచి డీఎన్‌ఏ గొలుసును కూర్చే డీఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్‌ను వేరుచేసి, పరీక్షనాళికలో డీఎన్‌ఏను తయారు చేసి చూపినందుకు 1959లో సెవెరో ఒచోవాతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. సరిగ్గా పదేళ్లకు, 1969లో, జాన్ కెయిర్న్స్, పౌలా డి లూసియా ఆ ఎంజైమ్ దాదాపు పనిచేయని ఒక ఈ.కోలై రకాన్ని పట్టుకున్నారు. అది చక్కగా పెరిగింది, విభజన చెందింది, తన జన్యువులను తాను నకలు చేసుకుంది. అంటే కణంలో ఆ పని చేసే ప్రధాన ఎంజైమ్ వేరే ఉందన్న మాట. ఇప్పుడు మనం దాన్ని పాలిమరేజ్-3 అంటున్నాం, కార్న్‌బర్గ్ ఎంజైమ్‌ను పాలిమరేజ్-1 అంటున్నాం.

నా సందేహాలు రెండు. బహుమతి పొరపాటున వేరే ఎంజైమ్‌కు వెళ్లిందని అనుకోవాలా? రెండోది నా సొంతానికి సంబంధించినది. కణాన్ని చిదిమి, ఒక్క ఎంజైమ్‌ను శుద్ధి చేసి, దాని ప్రవర్తనను బట్టి జీవకణం గురించి చెప్పే పద్ధతి ఇలా దారి తప్పించగలిగినప్పుడు, ఆ పద్ధతినే నమ్ముకుని పరిశోధనలోకి వెళ్లడం మంచిదేనా? నా తోటివారిలో చాలామంది కంప్యూటర్ మీద జన్యుక్రమాలను విశ్లేషించే వైపు వెళ్తున్నారు. నాకు మాత్రం ఎంజైమ్‌ల మీదే మనసుంది.

సమాధానం 1: విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ

అమ్మాయీ, మీ ప్రశ్న చాలా మంచిది. బహుమతి పొరపాటున వెళ్లలేదని నా గట్టి అభిప్రాయం. అలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే, ఆయన ఆ ఎంజైమ్ దాకా ఏ దారిన వచ్చారో చూడాలి.

కార్న్‌బర్గ్ చదివింది వైద్యం. 1941లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎం.డి. పూర్తిచేశారు. తన కళ్లలో కనిపించే స్వల్ప పచ్చదనానికి కారణమేమిటో తెలుసుకోవాలని విద్యార్థిగా ఉన్నప్పుడే తోటి విద్యార్థుల రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని కొలిచి, ఆ ఫలితాలతో ఒక వ్యాసం రాశారు. యుద్ధకాలంలో ఓడ మీద వైద్యుడిగా ఉన్న ఆయనను ఆ వ్యాసమే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలోని పోషకాహార విభాగానికి చేర్చింది. అక్కడ ఎలుకలకు రకరకాల ఆహారం పెట్టి విటమిన్ లోపాలను గమనించడం ఆయన పని. కొంతకాలానికే ఆయనకు విటమిన్ లోపిస్తే ఏం జరుగుతుందన్నదానికన్నా, విటమిన్ కణం లోపల ఏం చేస్తుందన్నదే ముఖ్యంగా తోచింది. దానికి జవాబు ఎంజైమ్‌ల దగ్గరే ఉంది. 1946లో న్యూయార్క్‌లో ఒచోవా దగ్గర, ఆ తరువాత సెయింట్ లూయిస్‌లో కోరి దంపతుల ప్రయోగశాలలో ఆయన ఎంజైమ్‌లను శుద్ధి చేయడం నేర్చుకున్నారు.

తిరిగి వచ్చాక ఎన్ఏడీ అనే సహఎంజైమ్ (ఎంజైమ్‌కు తోడ్పడే చిన్న అణువు) ఎలా తయారవుతుందో చూశారు. ఒక న్యూక్లియోటైడ్ (డీఎన్‌ఏ గొలుసులో పూసల్లా ఉండే రకం అణువు) కణానికి శక్తినిచ్చే ఏటీపీతో కలిసినప్పుడు రెండు ఫాస్ఫేట్‌ల జంట, అంటే పైరోఫాస్ఫేట్, విడిపోయి ఎన్ఏడీ ఏర్పడుతుందని తేలింది. ఈ చిన్న ఫలితాన్ని గుర్తుపెట్టుకోండి. డీఎన్‌ఏ గొలుసుకు ఒక్కొక్క న్యూక్లియోటైడ్ చేరేటప్పుడు జరిగేదీ ఇదే రకం చర్య. అంటే డీఎన్‌ఏ దగ్గరికి రావడానికి కొన్నేళ్ల ముందే ఆ చర్య స్వరూపం ఆయన చేతికి తెలిసిపోయింది. న్యూక్లియోటైడ్‌లు కణంలో ఎలా తయారవుతాయో తరువాత తేల్చారు. ఇక మిగిలింది వాటిని గొలుసుగా కూర్చేది ఏమిటన్న ప్రశ్నే. విటమిన్ నుంచి సహఎంజైమ్‌కు, అక్కడి నుంచి న్యూక్లియోటైడ్‌కు, చివరికి డీఎన్‌ఏకు ఒక మెట్టు తరువాత ఒక మెట్టు ఎక్కిన ప్రయాణం అది. 1953లో డీఎన్‌ఏ ద్వికుండలి నమూనా వెలువడిందని ఉత్సాహపడి దాని వెంట పరుగెత్తిన మనిషి కాదు ఆయన.

అసలు ప్రయోగాన్ని దగ్గర నుంచి చూడండి. రేడియోధార్మిక కార్బన్ ఉన్న థైమిడిన్‌ను (డీఎన్‌ఏ తయారీకి ముడిసరుకు) సెయింట్ లూయిస్‌లోని సహోద్యోగి మోరిస్ ఫ్రీడ్‌కిన్ ఇచ్చారు. దాన్ని ఈ.కోలై కణసారంతో, ఏటీపీతో కలిపి ఉంచి, తరువాత ఆమ్లం పోశారు. విడి న్యూక్లియోటైడ్‌లు ఆమ్లంలో కరిగిపోతాయి, డీఎన్‌ఏ వంటి పొడవైన గొలుసు మాత్రం అడుగుకు దిగుతుంది. ఆ అవక్షేపంలో కనిపించిన రేడియోధార్మికత, వేసిన పది లక్షల పాళ్లలో సుమారు 50 మాత్రమే. మనలో చాలామంది దాన్ని పరికరం చేసే చప్పుడుగా కొట్టిపారేసి ఉండేవాళ్లం. ఆయన ఆ అవక్షేపం మీద డీఎన్‌ఏను మాత్రమే ఛేదించే డీఎన్‌ఏస్ ఎంజైమ్‌ను వేసి చూశారు. రేడియోధార్మికత తిరిగి ద్రావణంలోకి వచ్చేసింది. అంటే అందులో ఉన్నది డీఎన్‌ఏ. ఎంత తక్కువైతేనేం, అక్కడ ఒక ఎంజైమ్ పనిచేస్తోందని రుజువైంది.

ఇంకో ముచ్చటైన సంగతి ఉంది. ఆ గొట్టంలో ఆయన మొదట డీఎన్‌ఏ కలిపింది దాన్ని మూసగా వాడాలని కాదు. కణసారంలోని ఛేదక ఎంజైమ్‌లు కొత్తగా తయారైన కొద్దిపాటి గొలుసును తినేయకుండా, వాటికి వేరే మేత ఉండాలన్నదే ఉద్దేశం. తీరా చూస్తే ఆ డీఎన్‌ఏ మూడు పనులు చేసింది. మూసగా నిలబడింది, గొలుసు మొదలయ్యే కొసను ఇచ్చింది, కొంత భాగం ఛిద్రమై మిగతా మూడు రకాల న్యూక్లియోటైడ్‌లను కూడా అందించింది. ఈ మూడింటినీ విడదీసి చెప్పగలగడానికి లేమన్, బెస్‌మన్, సిమ్స్‌లతో కలిసి ఆయన చేసిన శుద్ధి ప్రక్రియే ఆధారం. ఆ ఎంజైమ్‌కు నాలుగు రకాల ట్రైఫాస్ఫేట్‌లూ (మూడు ఫాస్ఫేట్‌లున్న న్యూక్లియోటైడ్‌లు) కావాలని, మూస కావాలని, తయారయ్యే డీఎన్‌ఏలో క్షారాల (న్యూక్లియోటైడ్‌లను నాలుగు రకాలుగా వేరుచేసే భాగాల) నిష్పత్తి మూసను బట్టి ఉంటుందని అప్పుడే తెలిసింది. 1957లో పంపిన రెండు వ్యాసాలను పత్రిక మొదట తిరస్కరించింది. తయారైనదాన్ని డీఎన్‌ఏ అని పిలవడానికే పరిశీలకులు ఒప్పుకోలేదు. చివరికి 1958లో అవి అచ్చయ్యాయి.

1961లో జోసీ, కైజర్‌లతో కలిసి చేసిన పని నా దృష్టిలో ఇంకా గొప్పది. ఒక న్యూక్లియోటైడ్‌కు రేడియోధార్మిక ఫాస్ఫేట్ తగిలించి డీఎన్‌ఏ తయారుచేసి, ఆ ఫాస్ఫేట్ పక్క న్యూక్లియోటైడ్‌తో పోయే విధంగా గొలుసును తెగ్గొట్టారు. దానితో ఏ క్షారం పక్కన ఏ క్షారం ఎంత తరచుగా వస్తుందో లెక్క తేలింది. డీఎన్‌ఏలోని రెండు పోచలూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయన్నదానికి ఆ లెక్కే తొలి ప్రయోగ నిదర్శనాలలో ఒకటి.

ఇప్పుడు మీ మొదటి సందేహానికి వస్తాను. బహుమతి ఇచ్చింది ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలు జీవులలో తయారయ్యే విధానాన్ని కనుగొన్నందుకు. మూసను చదవడం, ట్రైఫాస్ఫేట్ నుంచి పైరోఫాస్ఫేట్‌ను వదలడం, ఒకే దిశలో గొలుసును పొడిగించడం అనే నియమాలను తరువాత దొరికిన పాలిమరేజ్-3 కూడా తు.చ. తప్పక పాటిస్తుంది. మన కణాలలోని డీఎన్‌ఏ పాలిమరేజ్‌లూ అంతే. ఆయన కనుగొన్నది ఆ నియమాలను.

సమాధానం 2: బ్యాక్టీరియా జన్యుశాస్త్రం బోధించే వ్యక్తి, హైదరాబాద్

మాస్టారు చెప్పినదానిలో ప్రతి మాటా నిజమే. అయితే ఇందులో ఇబ్బంది కలిగించే భాగాన్ని కూడా చెప్పాలి. 1960లలో చాలామంది జీవరసాయనులు పాలిమరేజ్-1నే ప్రతికృతి ఎంజైమ్‌గా ధీమాగా భావించారు. అనుమానించడానికి కారణాలు మాత్రం అప్పటికే కళ్ల ముందున్నాయి.

మొదటిది వేగం. ఈ.కోలై జన్యుపదార్థంలో సుమారు 46 లక్షల క్షార జతలున్నాయి. నకలు ఒక చోట మొదలై రెండు వైపులా సాగుతుంది కాబట్టి ఒక్కొక్క వైపు 23 లక్షలు. పాలిమరేజ్-1 సెకనుకు 20 న్యూక్లియోటైడ్‌లు చేరుస్తుందని ఉదారంగా లెక్కవేసినా 1,15,000 సెకన్లు, అంటే దాదాపు 32 గంటలు పడుతుంది. కణం ఆ పని ముగించేది సుమారు 40 నిమిషాలలో. తరువాత దొరికిన పాలిమరేజ్-3 వేగం సెకనుకు 1000 ప్రాంతంలో ఉంటుందని తెలిశాకే ఈ లెక్క సరిపోయింది. రెండోది దిశ. ఎంజైమ్ గొలుసును ఒకే దిశలో పెంచగలదు, పోచలు మాత్రం ఎదురెదురుగా ఉన్నాయి. మూడోది, ఈ ఎంజైమ్ కొత్త గొలుసును శూన్యం నుంచి మొదలుపెట్టలేదు.

1967లో గూలియన్, సిన్‌షైమర్‌లతో కలిసి కార్న్‌బర్గ్ ఫై-ఎక్స్-174 వైరస్ డీఎన్‌ఏను పరీక్షనాళికలో నకలు చేసి, ఆ నకలుతో బ్యాక్టీరియాకు వ్యాధి సోకించగలిగినప్పుడు, పత్రికలు ప్రయోగశాలలో ప్రాణం సృష్టించారని రాశాయి. నిజానికి ఆ ప్రయోగం చూపింది, ఈ ఎంజైమ్ ఐదు వేలకు పైగా న్యూక్లియోటైడ్‌ల గొలుసును తప్పులు లేకుండా నకలు చేయగలదని. చేయగలదు అన్నదానికీ, కణంలో అదే చేస్తుంది అన్నదానికీ మధ్య దూరం ఉంది. ఆ దూరాన్ని దాటడానికి జన్యుశాస్త్రం కావాలి. కెయిర్న్స్, డి లూసియా చేసింది అదే. వేల కొద్దీ ఉత్పరివర్తన (జన్యువులో మార్పు) చెందిన కణసమూహాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఆ ఎంజైమ్ క్రియ లేనిదాన్ని పట్టుకున్నారు. ఆ కణాలు పెరిగాయి గానీ, అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేకపోయాయి. దానితో పాలిమరేజ్-1 అసలు పనుల్లో ఒకటి దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేయడమని అర్థమైంది.

అలాగని దాన్ని చిన్నచూపు చూడకూడదు. ఆ ఉత్పరివర్తన కణంలో ఎంజైమ్ పాలిమరేజ్ క్రియ పోయినా, ముందున్న ముక్కలను తొలగించే క్రియ మిగిలే ఉందని తరువాత తెలిసింది. ఈ జన్యువును పూర్తిగా తీసేసిన ఈ.కోలై పుష్టికరమైన మాధ్యమంలో బతకలేదు. వెనుకబడి నడిచే పోచ చిన్న చిన్న ఒకజాకీ ముక్కలుగా తయారవుతుంది కదా, ఆ ముక్కల మొదట్లో ఉండే ఆర్‌ఎన్‌ఏను తీసేసి ఖాళీని నింపేది ఇదే. కాబట్టి ప్రతికృతిలో దానికి పాత్ర లేదనడం కూడా పొరపాటే.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. 1969 తరువాత ఒక ప్రముఖ పత్రికలో కార్న్‌బర్గ్ ఎంజైమ్‌ను తీసిపారేస్తూ సంపాదకీయాలు వచ్చాయి. ఆయనకు జవాబు దొరికింది ఇంట్లోనే. జూలియార్డ్ సంగీత కళాశాలలో చెల్లో వాయిద్యం నేర్చుకుంటున్న ఆయన కొడుకు టామ్, కొలంబియా విశ్వవిద్యాలయంలో మాల్కమ్ గెఫ్టర్‌తో కలిసి ఆ ఉత్పరివర్తన కణాల నుంచే పాలిమరేజ్-2ను, పాలిమరేజ్-3ను వేరుచేశారు. అంటే జన్యుశాస్త్రం దారి చూపింది, ఆ దారిన నడిచి ఎంజైమ్‌ను చేతికి తెచ్చింది మళ్లీ జీవరసాయన శాస్త్రమే.

సమాధానం 3: వైద్యుడు, భీమవరం

రెండు సంగతులు కలుపుతాను. ఒచోవా బహుమతి విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆయన ప్రయోగశాలలో మరియాన్ గ్రున్‌బర్గ్-మనాగో కనుగొన్న ఎంజైమ్ కణంలో ప్రధానంగా ఆర్‌ఎన్‌ఏను విచ్ఛిన్నం చేస్తుందని తరువాత తేలింది. అయినా ఆ ఎంజైమ్‌తో తయారైన కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ వల్లే 1961లో జన్యు సంకేతంలోని మొదటి పదం విప్పగలిగారు. జన్యువును ఆర్‌ఎన్‌ఏగా నకలు చేసే యంత్రాంగాన్ని కేంద్రకం ఉన్న కణాలలో అణువు అణువుగా చూపినందుకు 2006లో నోబెల్ అందుకున్న రోజర్ కార్న్‌బర్గ్, ఆర్థర్ పెద్ద కొడుకు.

రెండోది మా ఊరి మాట. ఇక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి, ఫాస్ఫేట్ చర్యలను చదివిన ఆ తరం జీవరసాయనులందరికీ నిత్యం వాడే పనిముట్టు. అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో ఆయన నాయకత్వంలో వచ్చిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందులు థైమిడిన్ న్యూక్లియోటైడ్ తయారీని ఆపి, కేన్సర్ కణం డీఎన్‌ఏను నకలు చేసుకోకుండా చేస్తాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ మేము రాస్తూనే ఉన్నాం. హెచ్ఐవీకి 1987లో ఆమోదం పొందిన జిడోవుడిన్ పనిచేసేదీ మాస్టారు చెప్పిన ఆ గొలుసు నియమం మీదే. తరువాతి న్యూక్లియోటైడ్ తగులుకోవలసిన కొస దానికి ఉండదు, అందువల్ల గొలుసు అక్కడితో ఆగిపోతుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. పాలిమరేజ్-1 వేగం లెక్క నేను స్వయంగా వేసి చూశాను, సరిపోయింది. ఇంకొక్క మాట అడుగుతాను. 1969 దెబ్బ తరువాత కార్న్‌బర్గ్ ఏం చేశారు? అలాంటి పరిస్థితిలో పద్ధతి మార్చుకున్నారా?

సమాధానం 4: ఎంజైమ్‌ల మీద పనిచేసే పరిశోధకురాలు, అమెరికా

పద్ధతిని వదల్లేదమ్మా, దాని పరిధిని పెంచారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఈ రెండో అంకమే.

గొలుసును పాలిమరేజ్ మొదలుపెట్టలేకపోతే మరి ఎవరు మొదలుపెడతారన్న ప్రశ్నను తీసుకుని, 1971లో బ్రట్లాగ్, షెక్‌మన్‌లతో కలిసి ఎం-13 వైరస్ మీద పనిచేశారు. ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే రిఫాంపిసిన్ మందు వేస్తే, ఆ వైరస్ ఒంటిపోచ డీఎన్‌ఏ జంటపోచగా మారడం ఆగిపోయింది. డీఎన్‌ఏ నకలుకు ముందు ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క కావాలన్న భావన అక్కడ బలపడింది. క్షయవ్యాధికి వాడే మందు ప్రతికృతి రహస్యం ఒకటి బయటపెట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆ తరువాత ఒక్క ఎంజైమ్‌తో సరిపెట్టుకోకుండా, ప్రతికృతికి కావలసిన ప్రోటీన్‌లన్నిటినీ విడివిడిగా శుద్ధి చేసి మళ్లీ కలిపి పని చేయించడం లక్ష్యంగా పెట్టుకున్నారు. జన్యుశాస్త్రజ్ఞులు పోగుచేసిన ఉత్పరివర్తన కణాలే ఇందుకు సాధనాలయ్యాయి. ఒక ప్రోటీన్ లోపించిన కణసారం పనిచేయదు. దానికి మామూలు కణం నుంచి ఒక్కొక్క భాగం చేరుస్తూ పోతే, ఏ భాగం చేర్చినప్పుడు పని మొదలవుతుందో అందులో ఆ ప్రోటీన్ ఉందన్న మాట. ఈ.కోలైలో ప్రతికృతి మొదలయ్యే స్థానం సుమారు 245 క్షార జతల పొడవుంటుంది. అక్కడి నుంచి నకలు మొదలవడాన్ని 1981లో ఫుల్లర్, కగునిలతో కలిసి పరీక్షనాళికలో చూపగలిగారు. అంతకు ముందు ఎన్నో ప్రయత్నాలు ఫలించలేదు. పాలిఇథిలీన్ గ్లైకాల్ వంటి పదార్థం వేసి, కణం లోపల ఉండే ఇరుకును గొట్టంలో కల్పించడం అప్పుడు కలిసివచ్చిన అంశాలలో ఒకటి. కణాన్ని చిదిమితే పోయేదేమిటన్న మీ అనుమానానికి ఇది నేరుగా సంబంధించిన సంగతి. పోయినదేమిటో గుర్తించి తిరిగి చేర్చడం కూడా ఈ పద్ధతిలో భాగమే.

స్టాన్‌ఫర్డ్ విభాగాన్ని ఆయన నడిపిన తీరు కూడా తెలుసుకోదగినది. 1959లో సెయింట్ లూయిస్ నుంచి పాల్ బెర్గ్, లేమన్, కైజర్, హాగ్‌నెస్ వంటివారిని వెంటబెట్టుకుని వెళ్లారు. అధ్యాపకులు తమ గ్రాంట్‌లను, రసాయనాలను, ప్రయోగశాల స్థలాన్ని ఉమ్మడిగా వాడుకునేవారు. వేర్వేరు గురువుల విద్యార్థులు ఒకే బల్ల మీద పనిచేసేవారు. అదే వాతావరణంలో బెర్గ్ వేర్వేరు జీవుల డీఎన్‌ఏను అతికించే పని చేసి 1980లో నోబెల్ అందుకున్నారు. ఆ అతికింపునకు వాడిన ఎంజైమ్‌లలో చాలావరకు ఆ కారిడార్‌లోనే శుద్ధి అయినవి. కార్న్‌బర్గ్ భార్య సిల్వీ కూడా జీవరసాయనురాలే, ఆయన ప్రయోగశాలలోనే పనిచేశారు. 1956లో వారిద్దరూ సిమ్స్‌తో కలిసి పాలీఫాస్ఫేట్‌ను (ఫాస్ఫేట్‌ల పొడవైన గొలుసు) తయారుచేసే ఎంజైమ్‌ను గుర్తించి పక్కన పెట్టారు. డెబ్బై ఏళ్లు దాటాక ఆర్థర్ ప్రతికృతిని శిష్యులకు వదిలి మళ్లీ ఆ పాలీఫాస్ఫేట్ దగ్గరికే వెళ్లి, 2007లో చనిపోయే దాకా దాని మీదే పనిచేశారు.

మీ దారి గురించి నా అభిప్రాయం చెబుతాను. జన్యుక్రమ విశ్లేషణ నేర్చుకోండి, అది ఇక ముందు అందరికీ అవసరమే. కానీ ఎంజైమ్‌ల మీద మనసున్నప్పుడు వదలకండి. కొవిడ్ పరీక్షలో వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, లక్షల నకళ్లు తీసినవి ఎవరో ఓపికగా శుద్ధి చేసి గుణగణాలు తేల్చిన ఎంజైమ్‌లే. ఒక ప్రోటీన్ ఆకారాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడాలన్నా మొదట అది శుద్ధంగా చేతిలో ఉండాలి.

సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) సాధించాక హైదరాబాద్‌లోని సీసీఎంబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని ఐఐఎస్సీ వంటి చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్తారు. అక్కడ మార్గదర్శకుడిని ఎంచుకునే ముందు రెండు విషయాలు అడగండి. ఆ ప్రయోగశాలలో విద్యార్థులు ప్రోటీన్‌ను స్వయంగా శుద్ధి చేస్తారా? ఆ ప్రోటీన్ జన్యువును తొలగించిన కణాలు కూడా వారి దగ్గర ఉన్నాయా? రెండూ ఉన్నచోట చేరితే, పరీక్షనాళికలో మీరు చూసినది కణంలో నిజంగా జరుగుతోందా లేదా అన్నది మీ థీసిస్‌లోనే పరీక్షించుకోవచ్చు.